రోకలి నిలబడింది, నానమ్మ కథలు ఆగిపోయాయి

గుంటూరు జిల్లా నుంచి ఒక పాఠకురాలు పొడుగాటి ఉత్తరం రాశారు. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు. ఆవిడ చెప్పుకున్న సంగతి కుదించి ఇస్తున్నాను.

ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచరు. భర్త కరెంటు ఆఫీసులో పనిచేస్తారు. పదకొండేళ్ళ కూతురు ఒక్కతే, ఆరో తరగతి. అత్తగారికి డెబ్భై ఏళ్ళు, షుగర్ ఉంది. మామగారు పోయాక ఆవిడ వీళ్ళ దగ్గరే ఉంటున్నారు. పాపకి జడ వెయ్యడం, అన్నం పెట్టడం, రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని కథ చెప్పడం అన్నీ నానమ్మే. ఆ కథల్లో సగం ఆవిడ చిన్నప్పటి నుంచి విన్న భాగవతం. మిగతా సగం అటక మీది ట్రంకుపెట్టెలోవి. మామగారు నెలనెలా కొని, ఏడాదివన్నీ కలిపి బైండు చేయించి, అట్ట మీద తన చేత్తో సంవత్సరం రాసిపెట్టుకున్న చందమామలు ఆ పెట్టె నిండా ఉన్నాయి. పాపకి గడగడా తెలుగు చదవడం వచ్చింది కూడా వాటితోనే. ఇంగ్లీషు మీడియం బడిలో కాదు.

2025 సెప్టెంబర్ 7న సంపూర్ణ చంద్రగ్రహణం. అత్తగారు మధ్యాహ్నం పన్నెండున్నరకే భోజనం ముగించి, ఇక మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆవకాయ జాడీల మీద, పెరుగు గిన్నె మీద దర్భలు వేయించారు. వేసింది మన టీచరుగారే. రాత్రి పట్టుస్నానం అయ్యాక అత్తగారు ఇత్తడి పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి మధ్యలో రోకలి నిలబెట్టారు. "గ్రహణం ఉన్నంతసేపూ నిలబడుతుంది, విడవగానే పడిపోతుంది" అని మనవరాలికి చూపించారు. పదకొండు దాటాక తండ్రి పాపని డాబా మీదికి తీసుకెళ్ళి ఎర్రబడిన చంద్రుణ్ణి చూపించారు. అత్తగారు కింద నుంచి వద్దని పిలుస్తూనే ఉన్నారు.

మరుసటి ఆదివారం ఆడపడుచు, ఆవిడ భర్త భోజనానికి వచ్చారు. అందరూ హాల్లో కూర్చుని ఉండగా పాప అదే పళ్ళెం, అదే రోకలి పట్టుకొచ్చింది. ఈసారి పసుపునీళ్ళు కూడా లేవు. రెండుమూడుసార్లు సరిచేసి చెయ్యి తీసింది, రోకలి నిలబడింది. "చూడు నానమ్మా, గ్రహణం లేకపోయినా నిలబడింది. నువ్వు చెప్పేవన్నీ అబద్ధాలే. రాహువూ లేడు, ఎవరూ లేరు" అంది. అల్లుడుగారు నవ్వారు. భర్త చప్పట్లు కొట్టి "శభాష్ తల్లీ" అన్నారు. అత్తగారు లేచి గదిలోకి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి నుంచి కథలు లేవు. జడ వేస్తున్నారు, అన్నం పెడుతున్నారు. కథ అడిగితే మాత్రం "అబద్ధాలెందుకులేమ్మా" అని అటు తిరిగి పడుకుంటున్నారట. కొన్నాళ్ళు రాజమండ్రిలో కూతురి దగ్గర ఉండి వస్తానంటున్నారు. భర్త ఏమో, "దాని బుర్రలో ఈ రాహుకేతువుల్ని ఎక్కించింది చాలు. ఆ పెట్టె పాత పేపర్లవాడికి ఇచ్చేద్దాం, కొత్త ఫ్లాటులో చోటు కూడా లేదు" అంటున్నారు.

ఇవన్నీ ఒక ఎత్తు, పాప అడిగిన ప్రశ్న ఒక ఎత్తు. "అమ్మా, బళ్ళో గ్రహణం అంటే నీడ అని చెప్తావు. ఇంట్లో దర్భలు వేస్తావు. రోజూ దీపం పెడతావు. అసలు నువ్వు నమ్ముతావా, నమ్మవా?" ఈవిడ "హోంవర్క్ అయిందా?" అని అడిగి వంటింట్లోకి వెళ్ళిపోయారు. "నాకే తెలియనిది దానికేం చెప్పను? దీపం పెట్టే ఆ రెండు నిమిషాలే రోజు మొత్తంలో నేను ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేని సమయం. అది భక్తేనా? పాప చేత క్షమాపణ చెప్పించాలా? అత్తగారి వైపు ఉండాలా, మావారి వైపు ఉండాలా?" అని రాశారు.

అమ్మా,

మీ పాప చేసింది మంచి పని. మీరు సైన్సు టీచరు, మీకు తెలియనిది కాదు. కానీ ఇంట్లో మనసులు కష్టపడ్డప్పుడు ఈ సంగతి మరుగున పడిపోతుంది, అందుకని ముందే చెబుతున్నాను. గ్రహణం వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక ఊళ్ళో రోకలి నిలబడిందని టీవీలో చూపిస్తారు. చూసినవాళ్ళలో ఎంతమంది మర్నాడు ఆ రోకలిని మళ్ళీ నిలబెట్టి చూశారు? మీ పాప చూసింది. గ్రహణం లేని రోజు ఎంచుకుంది, పసుపునీళ్ళు తీసేసింది, రోకలినీ పళ్ళేన్నీ మాత్రం మార్చలేదు. రోకలి అడుగున పొన్ను, అంటే లోహపు కట్టు, ఉంటుంది. అది చదునుగా ఉండి, మనం ఓపిగ్గా నిటారుగా పెట్టి చెయ్యి తీస్తే ఏ రోజైనా నిలబడుతుంది. ఎవరూ చెప్పకుండా ఆ సంగతి కనుక్కున్న పిల్లని నువ్వు చేసింది తప్పు అనకండి. మీ అత్తగారి మనసు కుదుటపరచడం కోసం కూడా అనకండి.

అయితే ఆ ఆదివారం మీ హాల్లో జరిగింది ప్రయోగం ఒక్కటే కాదు. ఆ తర్వాత వచ్చిన మాట ఉంది, ఆ మాట తర్వాత వచ్చిన నవ్వు ఉంది. మీరు ఉత్తరమంతా పాప అన్న మాట చుట్టూనే తిరిగారు. నా మటుకు నాకు మీ అత్తగారిని గదిలోకి పంపింది ఆ నవ్వు, ఆ చప్పట్లు అనిపిస్తోంది. భర్త పోయి కొడుకు ఇంట్లో ఉంటున్న మనిషి ఆవిడ. ఎదురుగా అల్లుడు ఉన్నారు. మన ఇళ్ళల్లో అల్లుడి ముందు అత్తగారు ఎంత జాగ్రత్తగా మసలుకుంటుందో మీకు తెలుసు. అలాంటిచోట మనవరాలు నోరు జారితే సర్దుకుంటుంది. కన్నకొడుకు చప్పట్లు కొడితే ఎలా సర్దుకుంటుంది? కాబట్టి ఈ ఇంట్లో ఎవరైనా ముందు వెళ్ళి మాట్లాడాల్సి ఉంటే అది మీవారు. గ్రహణం గురించి ఆయన అభిప్రాయం మార్చుకోనక్కర్లేదు. "అమ్మా, నలుగురిలో అలా నవ్వకుండా ఉండాల్సింది" అన్న ఒక్క మాట చాలు. ఆ మాట ఆయనే చెప్పాలి. ఆయన తరఫున మీరు రాయబారం నడిపితే, కొడుకు ఈ మాత్రం కూడా రాలేకపోయాడన్న బాధ ఆవిడకి అదనంగా మిగులుతుంది.

ఇక పాప క్షమాపణ. బలవంతంగా చెప్పిస్తే చెబుతుంది. తల వంచుకుని "సారీ నానమ్మా" అంటుంది. దాంతో ఇల్లు పైకి సద్దుమణుగుతుంది. పాపకి మాత్రం, నిజం కనుక్కుంటే తిట్లు పడతాయని అర్థమవుతుంది. ఇంకోసారి అనుమానం వస్తే మనసులో దాచుకుంటుంది. మీ అత్తగారికీ ఆ సారీలో రుచి ఉండదు, పిల్ల చేత ఎవరు అనిపించారో ఆవిడకి తెలియకపోదు. అసలు చెప్పించకుండా వదిలేస్తే? మీవారు అదే అంటున్నట్టున్నారు. అప్పుడు సరైన మాట ఎవరి మొహం మీదైనా, ఎలాగైనా విసిరెయ్యొచ్చని పిల్ల నేర్చుకుంటుంది.

మధ్యలో ఒక దారి ఉంది, కాస్త ఓపిక కావాలి. పాపని ఒంటరిగా కూర్చోబెట్టుకుని రెండు విషయాలూ విడదీసి చెప్పండి. "రోకలి సంగతి నువ్వు కనుక్కున్నది నిజం. అది వెనక్కి తీసుకోనక్కర్లేదు. కానీ నానమ్మ తెలిసి నిన్ను మోసం చెయ్యలేదు. వాళ్ళమ్మ తనకి ఏం చెప్పిందో అది నీకు చెప్పింది. నలుగురిలో ఆవిణ్ణి అబద్ధాలకోరు అన్నావు, దానికి మాత్రం బాధపడాలి." ఇంతవరకు చెప్పి ఊరుకోండి. ఎప్పుడు, ఏమని మాట్లాడాలో పాపకే వదిలెయ్యండి. రెండు రోజులు పట్టొచ్చు, పది రోజులు పట్టొచ్చు.

పాప కోపం వెనకాల ఇంకోటి కూడా ఉండి ఉంటుంది. నానమ్మ చెప్పిన ప్రతి మాటా నిజమని నమ్మిన పిల్ల అది. రాహువు నోట్లోంచి చంద్రుడు బయటపడతాడని కళ్ళు పెద్దవి చేసుకుని విన్న పిల్ల. అదంతా కాదని తేలినప్పుడు తనకి గెలిచినట్టే ఉంటుందని మనం అనుకుంటాం. పోగొట్టుకున్నట్టు కూడా ఉంటుంది. "అన్నీ అబద్ధాలే" అని ఒక్క దెబ్బకి కొట్టిపారెయ్యడంలో ఆ ఉక్రోషమే నాకు వినిపిస్తోంది. అంత కోపంలో ఉన్న పిల్ల కథ చెప్పమని మళ్ళీ రాత్రి నానమ్మ దగ్గరికే వెళ్ళిందని మీరే రాశారు. ఆ సంగతి మీవారికి చెప్పండి.

ఆ కథల వల్లే పిల్ల పాడైపోతోందని మీవారి భయం. ఆయన్ని ఒకటి అడగాలని ఉంది. ఆయన పెరిగిందీ ఆ అమ్మ దగ్గరే, చదివిందీ ఆ పెట్టెలోని పుస్తకాలే. ఆయన ఏదీ గుడ్డిగా నమ్మని మనిషి కావడానికి అవి అడ్డు రాలేదు కదా! చందమామలో నెలనెలా ఒక బేతాళ కథ ఉండేది. విక్రమార్కుడు చెట్టు మీది శవాన్ని భుజాన వేసుకుని నడుస్తుంటే బేతాళుడు కథ చెప్పి చివర ఒక ప్రశ్న వేసేవాడు. తెలిసీ జవాబు చెప్పకపోతే తల పగిలిపోతుందని బెదిరించేవాడు. మా తరం పిల్లలం జవాబు చదివే ముందు పుస్తకం మూసి, రాజు ఏమంటాడో మేమే తేల్చుకోవడానికి ప్రయత్నించేవాళ్ళం. ఒక్కోసారి రాజు చెప్పిన తీర్పు నచ్చేది కాదు, పెద్దవాళ్ళతో వాదించేవాళ్ళం. మీ పాపకి అడగడం ఎక్కడ అలవాటైందని వెతికితే సైన్సు పుస్తకం దాకా వెళ్ళక్కర్లేదేమో. నానమ్మ పక్కలోనే అలవాటైంది.

ఇంకో సంగతి మీవారికి నచ్చుతుందనుకుంటున్నాను. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రికని 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా నడిపించింది కొడవటిగంటి కుటుంబరావు. మీ జిల్లావారే, తెనాలిలో పుట్టారు. భౌతికవాది, మూఢనమ్మకాల మీద జీవితమంతా రాసిన మనిషి, విప్లవ రచయితల సంఘం (విరసం) స్థాపకుల్లో ఒకరు. అలాంటాయన చేతి మీదుగానే రామాయణం, భారతం, బేతాళుడు, మాంత్రికులు, రాక్షసులు నెలనెలా తెలుగు పిల్లల చేతుల్లోకి వెళ్ళారు. తను నమ్మని రాక్షసుణ్ణి పిల్లలకి చక్కటి తెలుగులో చెప్పడానికి ఆయనకి అభ్యంతరం లేకపోయింది. కథకీ లోకజ్ఞానానికీ పిల్లల బుర్రలో వేరువేరుగా చోటుంటుందని ఆ పని చూస్తే తెలుస్తుంది. మీవారు ఆ పెట్టె పేపర్లవాడికి ఇస్తే, హేతువాదం పేరు మీద ఒక హేతువాది ఇరవై ఎనిమిదేళ్ళ పనిని తూకానికి అమ్మినట్టవుతుంది.

ఇప్పుడు గ్రహణం దగ్గరికి వద్దాం. అత్తగారికీ పాపకీ మధ్య సంధి చెయ్యాలన్న తొందరలో మనవాళ్ళు ఈమధ్య ఒక అడ్డదారి తొక్కుతున్నారు. దర్భ ఏవో కిరణాల్ని ఆపుతుందట, గ్రహణం వేళ అన్నంలో ఏదో విషం పుడుతుందట, అందుకే పెద్దలు అలా పెట్టారట. వాట్సాప్ నిండా ఇవే. మీకూ ఆ ఆలోచన వచ్చి ఉంటుంది, ఇంట్లో అందరి గౌరవమూ దక్కుతుంది కాబట్టి. దయచేసి ఆ దారి వద్దు. చంద్రగ్రహణం అంటే భూమి నీడ చంద్రుడి మీద పడటమని, పౌర్ణమి వెన్నెల కాసేపు తగ్గడం తప్ప మన వంటింట్లోకి కొత్తగా వచ్చేదేమీ లేదని మీరే ఎనిమిదో తరగతికి చెప్తారు. ఇవాళ పాపకి దర్భ గురించి కట్టుకథ చెబితే రెండేళ్ళలో దాన్నీ రోకలిలాగే పరీక్షిస్తుంది. నానమ్మది తెలియక చెప్పిన మాట. మీది తెలిసి చెప్పిన మాట అవుతుంది.

దానికి బదులు పాపకి చెప్పదగ్గ నిజాలు మన దగ్గరే బోలెడు ఉన్నాయి. గ్రహణాలు నీడల వల్లేనని, సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడని, చంద్రుణ్ణి భూమి నీడ కప్పుతుందని ఆర్యభటుడు క్రీ.శ. 499లోనే ఆర్యభటీయం గోళపాదంలో రాసిపెట్టాడు. చంద్రుడు తిరిగే దారి, ఆకాశంలో సూర్యుడు కదిలినట్టు కనిపించే దారికి సుమారు 5 డిగ్రీలు వాలుగా ఉండి, రెండు చోట్ల దాన్ని దాటుతుంది. ఆ రెండు బిందువులే పంచాంగ గణితంలో రాహువు, కేతువు. పౌర్ణమి నాడు చంద్రుడు ఆ బిందువు దగ్గర ఉంటేనే గ్రహణం. లేకపోతే నెలనెలా రావాలి కదా! అంటే నానమ్మ చూసే పంచాంగంలో "రాత్రి 9.57కి స్పర్శ" అని అచ్చయిందంటే, లెక్క వేసిన సిద్ధాంతిగారికి రాహువు కోరలతో పనిలేదు, రాహువు స్థానంతో పని. పాపని ఆ పంచాంగం పట్టుకుని కూర్చోమనండి. నిమిషంతో సహా ఎలా చెప్పగలిగారని అడగమనండి. తనకి అది రోకలికంటే పెద్ద వింతగా ఉంటుంది.

మీ గుంటూరుకే ఒక గ్రహణం కథ ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరు వచ్చి, సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల వెలుగుని వర్ణపటంగా విడదీసి చూశారు. హీలియం కనుక్కున్న చరిత్ర రాసేవాళ్ళు ఆ గ్రహణంతోనే మొదలుపెడతారు. అదే రోజు మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తిలో టెలిస్కోపు పెట్టుకుని కూర్చున్నారు. ఆయన దృగ్గణిత పంచాంగం, అంటే ఆకాశంలో కనిపించేదానికి సరిపోయేలా లెక్కించిన పంచాంగం, కూడా తయారుచేశారు. పగలు పంచాంగం లెక్కలు, రాత్రి టెలిస్కోపు. ఒకే మనిషి రెండూ చేశారు. నాకు ఆయనంటే చాలా ఇష్టం, అందుకే కాస్త పక్కకి వెళ్ళాను.

అత్తగారిని కథల్లోకి మళ్ళీ ఎలా దింపాలి అన్నదానికి నాకు తోచింది ఇది. ఆవిణ్ణి పురాణం చెప్పమని ఇప్పుడే అడగొద్దు. అది గాయమైన చోటు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం కర్ణాటక మీదుగా నల్గొండ, ఖమ్మం వైపు నుంచి ఒరిస్సాకి పోయింది. మీ జిల్లాలో కూడా సూర్యుడు చాలా మటుకు మూసుకుపోయి ఉండాలి. అప్పటికి మీ అత్తగారికి పాతికేళ్ళు. ఆ రోజు ఆవిడ ఎక్కడున్నారు? తలుపులు ఎవరు వేశారు? పశువులు ఏం చేశాయి? మీ మామగారు దొంగచాటుగా బయటికి వెళ్ళి చూశారా? పాప చేత ఇవి అడిగించండి. వీటికి జవాబు చెప్పగలిగింది ఆ ఇంట్లో ఆవిడ ఒక్కరే. ఇందులో అబద్ధం నిజం అన్న తగువే రాదు. మొదటిరోజే మాట్లాడకపోవచ్చు. ఫరవాలేదు, ప్రశ్న వేసి ఉంచనివ్వండి.

మీ అసలు కష్టం మీరు ఉత్తరం చివర పెట్టారు. పాప మిమ్మల్ని నిలదీసింది. మీరు హోంవర్క్ మీదికి తోశారు. పిల్లకి అప్పుడు రాహువు గురించి తెలుసుకోవాలని లేదు, అది తనకి తెలిసిపోయింది. తను నమ్మే మనుషులు తనతో నిజం మాట్లాడతారా లేదా అని చూస్తోంది. నానమ్మ దగ్గర ఒకసారి కాలు జారింది, అందుకే మీ దగ్గరికి వచ్చింది.

"అన్నీ నమ్ముతాను" అని చెప్పొచ్చు. అత్తగారు సంతోషిస్తారు. పాప మీ సైన్సు నోట్సు చూసి, అమ్మ ఎక్కడ ఎలా ఉంటే మంచిదో అక్కడ అలా మాట్లాడుతుందని అనుకుంటుంది. "ఏదీ నమ్మను, నానమ్మ కోసం చేస్తున్నానంతే" అని చెప్పొచ్చు. మీవారు సంతోషిస్తారు. ఆ మాట సాయంత్రానికల్లా అత్తగారి చెవిన పడుతుంది. ఆవిడ ఆ ఇంట్లో ఒంటరి అయిపోతారు. పైగా మీ ఉత్తరం చదివినవాళ్ళెవరూ అది పూర్తి నిజం అనుకోరు. దీపం గురించి మీరు రాసిన వాక్యం ఏదీ నమ్మని మనిషి రాసేది కాదు.

మీరు మూడిటినీ ఒకే మూట కట్టి మోస్తున్నారు. గ్రహణం ఎందుకొస్తుందో మీకు తెలుసు, అందులో సందేహం లేదు. పాపకి అలాగే చెప్పండి. దర్భల వల్ల పెరుగుకి ఏమీ కాదని కూడా మీకు తెలుసు. అయినా వేశారు, ఎందుకంటే వెయ్యకపోతే అత్తగారు ఆ రాత్రంతా కుమిలిపోతారు. "నానమ్మ మీద ఉన్న ఇష్టం కొద్దీ వేశాను" అని చెప్పండి. అది నిజమే, అందులో ఎవరికీ అవమానం లేదు. ఆ మాట పాపకంటే ముందు అత్తగారి దగ్గర అనగలిగితే ఇంకా మంచిది. ఆవిడకి తెలియదంటారా? సైన్సు టీచరు కోడలు దర్భలు ఎందుకు వేస్తోందో ఆవిడకి ఎప్పుడో తెలిసి ఉంటుంది.

మిగిలింది దీపం. అది భక్తేనా అని నన్ను అడిగారు. నేను తేల్చలేను, తేల్చకూడదు కూడా. కానీ మీరు నాకు రాసిన వాక్యమే పాపకి చెప్పొచ్చు. ఆ రెండు నిమిషాలు ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదని, మనసు నెమ్మదిస్తుందని, దేవుడు ఉన్నాడో లేడో నాకు ఇంకా తెలియదని, తెలియకుండానే పెడుతున్నానని. పదకొండేళ్ళ పిల్లకి ఇది అర్థం కాదనుకోకండి. తల్లి "నాకు తెలియదు" అంటే పిల్లలు బెంబేలు పడిపోరు. తల్లి మాట దాటేస్తేనే బెంబేలు పడతారు.

ఆ తర్వాత పాప "అయితే నేను దణ్ణం పెట్టను" అనొచ్చు. అనే వయసే. అప్పుడు బలవంతం చేస్తే దేవుడి గది యుద్ధభూమి అవుతుంది. ఊరుకుంటే అత్తగారికి కష్టంగా ఉంటుంది, మీవారు తమ పక్షం గెలిచిందనుకుంటారు. ఊరుకోవడమే మేలని నా ఉద్దేశం. మీవారికి మాత్రం ఒక మాట చెప్పి ఉంచండి. పిల్ల రేపు మళ్ళీ దణ్ణం పెట్టుకున్నా ఆయన ఇలాగే ఊరుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం మెత్తగా ఉండకండి. షుగర్ ఉన్న డెబ్భై ఏళ్ళ మనిషి మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాటేదాకా మంచినీళ్ళు కూడా తాగకుండా ఉన్నారని మీరు ఉత్తరంలో ఒక్క ముక్కలో రాసి ముందుకి వెళ్ళిపోయారు. నాకు మొత్తం ఉత్తరంలో భయం వేసింది అక్కడే. మందులు వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది, వేసుకోకపోతే పెరిగిపోతుంది. చంద్రగ్రహణానికి మూడు జాముల ముందు నుంచి భోజనం కూడదని చెప్పేవాళ్ళే పిల్లలకి, వృద్ధులకి, రోగులకి ఆ నియమం లేదని కూడా చెబుతారు. మీరు చెబితే కోడలు సైన్సు మాట్లాడుతోందనుకుంటారు కాబట్టి, ఆవిడకి గురి ఉన్న పురోహితుడి చేతో, మందులిచ్చే డాక్టరు చేతో చెప్పించండి. 2026 మార్చి 3న మళ్ళీ చంద్రగ్రహణం ఉంది. మన దగ్గర చంద్రుడు గ్రహణంతోనే ఉదయిస్తాడు, కాసేపట్లో గ్రహణం విడుస్తుంది. సూతకం పొద్దున్నే మొదలవుతుంది కాబట్టి పగలంతా పస్తు. ఈ మాట అప్పటికి ముందే తేలాలి.

ట్రంకుపెట్టె సంగతి. అది మీవారిదీ కాదు, మీదీ కాదు, ఆవిడది. ఆవిణ్ణి అడగకుండా అటక మీంచి దించకండి. చందమామ ఇప్పుడు రావడం లేదు, కాబట్టి ఒకసారి పోతే ఆ బైండ్లు, వాటి అట్టల మీద మామగారి చేతిరాత మళ్ళీ దొరకవు. కొత్త ఫ్లాటులో నిజంగా చోటు లేకపోతే ఆవిడ ముందే కూర్చుని పాపకి ఇష్టమైన సంవత్సరాలు కొన్ని వేరుచెయ్యండి. మిగతావి ఆడపడుచు ఉంచుకుంటారేమో అడగండి. ఆవిడకీ అవి చిన్నప్పటి పుస్తకాలే. ఎవరూ ఉంచుకోలేకపోతే లైబ్రరీ ఉంది. వేటపాలెంలో 1918 నుంచి నడుస్తున్న సారస్వత నికేతనం లాంటి చోట పాత పత్రికల విలువ తెలిసినవాళ్ళుంటారు. ఇచ్చేముందు తీసుకుంటారా, ఎలా భద్రం చేస్తారు అని కనుక్కోండి. లైబ్రరీకి ఇస్తే పదిమందికీ పనికొస్తాయి, కానీ పాప పక్కలో చదువుకోవడానికి ఉండవు. ఇంట్లో ఉంచుకుంటే కలరా ఉండలు వేసి పెట్టేస్తే సరిపోదు, చెద పట్టకుండా ఏడాదికోసారి దించి దులపాలి, ఆ పని ఎవరిదో ముందే అనుకోవాలి.

రాజమండ్రి వెళ్తానంటే ఆపకండి. కూతురి ఇంటికి వెళ్ళడానికి తల్లికి గొడవే జరగనక్కర్లేదు. మీవారు మాట్లాడకముందే వెళ్తే మాత్రం అది అలిగి వెళ్ళినట్టు ఉంటుంది, తిరిగి రావడం కష్టమవుతుంది. కాబట్టి టిక్కెట్టు తియ్యకముందే మీవారు ఆ గదిలోకి వెళ్ళి కాసేపు కూర్చోవాలి. తర్వాత ఆవిడ వెళ్ళినా, ఉన్నా మంచిదే. వెళ్తే సంక్రాంతి సెలవులకి పాపని కూడా అక్కడికి పంపండి. మీరు తోడు వెళ్ళకండి, వాళ్ళిద్దర్నే ఉండనివ్వండి.